ఎదురింటి టీచరమ్మ

‘మమ్మీ’ సినిమా గురించి నేను చదివినంతలో అందరూ తల్లి గురించీ కొడుకు గురించే రాశారు. రాయాల్సిందే. పేరులోనే తల్లి ఉంది. కానీ నేను ఆ సినిమాని తల్లి పక్కన కూర్చుని చూడలేకపోయాను. మొదలెట్టిన గంటకల్లా నేనెవరి పక్కన కూర్చున్నానో నాకు తెలిసిపోయింది. ఎదురింట్లో ఉండే టీచరు పక్కన. ఆమె పేరు కైలా. నేనూ టీచర్నే, గవర్నమెంటు బడిలో. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని. ఆ సినిమాలో ఉన్నలాంటి కొడుకు మా అమ్మకీ ఉన్నాడు. వాడు నా తమ్ముడు. అయినా నేను వాడి పక్కనా, మా అమ్మ పక్కనా కాకుండా ఎదురింటావిడ పక్కన పోయి కూర్చున్నా. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నా.

విలీన విద్య ట్రైనింగుకి పోయినప్పుడు ఒక రిసోర్సు పర్సన్ ఈ సినిమాని పెన్‌డ్రైవులో వేసిచ్చాడు. ఇలాంటి పిల్లలున్న టీచర్లు తప్పకుండా చూడాలి మేడమ్ అన్నాడు. ఇలాంటి తమ్ముళ్ళున్న టీచర్ల సంగతి ఆయనకి తెలవదు. నేను చెప్పలా. ఇంట్లో అందరూ పడుకున్నాక ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటా, అర్థంకాని చోట ఆపుకుంటా రెండు రాత్రులు చూశాను.

2014లో వచ్చిన కెనడా సినిమా ఇది. క్విబెక్ రాష్ట్రంలో, మాంట్రియల్ శివారులో జరుగుద్ది. తీసింది గ్జావియే డోలాన్ అనే కుర్రాడు. కుర్రాడని ఎందుకంటున్నానంటే అప్పటికి అతనికి పాతికేళ్ళు. అదే ఏడు కాన్ ఫెస్టివల్లో జ్యూరీ ప్రైజుని ఎనభైమూడేళ్ళ గొదార్‌తో కలిపి పంచుకున్నాడు. అతని మొదటి సినిమా 2009లో వచ్చింది. ‘మా అమ్మని చంపేశాను’ అని దాని పేరు. అందులో తల్లిగా వేసిన ఆన్ డోర్వాలే ఇందులోనూ తల్లి. ఆ మొదటి సినిమాలో కొడుకు వైపు నుంచి తల్లి మీద కసి తీర్చుకున్నాననీ, ఇందులో తల్లి వైపుకి వచ్చాననీ అతనే ఒప్పుకున్నట్టుగా ఉంటది ఈ సినిమా.

కథ చిన్నది. డయాన్ అనే ఆమె భర్త మూడేళ్ళ కిందట పోయాడు. పదిహేనేళ్ళ కొడుకు స్టీవ్. ఒకచోట నిలవడు, ఆవేశం వస్తే ఆగడు. ప్రేమొచ్చినా ఆగడు, అదింకా భయం. వాడ్ని పెట్టిన సంస్థలో క్యాంటీనుకి నిప్పు పెడితే ఇంకో పిల్లాడు ఒళ్ళు కాలి ఆసుపత్రి పాలవుతాడు. ఇక మా వల్ల కాదు, తీసుకుపొమ్మంటారు. తల్లి తీసుకొస్తది. ఆమెకున్న ఉద్యోగం కాస్తా పోద్ది. ఇళ్ళు తుడిచే పని చేస్తది. ఎదురింట్లో కైలా ఉంటది. హైస్కూలు టీచరు, సెలవులో ఉంది, ఏదో జరిగి నోటికి నత్తి వచ్చింది. ఈమె వచ్చి స్టీవ్‌కి పాఠాలు చెప్తది. కొన్నాళ్ళు ముగ్గురూ బాగుంటారు. తర్వాత బాగుండరు.

నన్ను మొదట పట్టుకుంది డయాన్ నోరు. ఆమె తిట్టే తిట్లు. ఏ సంస్థలోనైనా ఆఫీసరు ముందు నిలబడి ఆమె మాట్లాడే తీరు. బిగుతు ప్యాంట్లు, నోట్లో చూయింగ్ గమ్. ఆమె మాట్లాడేది పుస్తకాల ఫ్రెంచి కాదు. మాంట్రియల్ కూలిపేటల్లో మాట్లాడే భాష, దాన్ని ‘జువాల్’ అంటారు. ఫ్రెంచిలో గుర్రానికున్న మాటని ఆ పేటలవాళ్ళు పలికే తీరునుంచే ఆ పేరు వచ్చిందంట. అంటే వెక్కిరింతగా పుట్టిన పేరు. బళ్ళల్లో ఆ భాషని దిద్దేవాళ్ళు, సిగ్గుపడమనేవాళ్ళు. 1968లో మిషెల్ త్రాంబ్లే అనే నాటకకర్త పదిహేనుమంది ఆడవాళ్ళని ఒక వంటింట్లో కూర్చోబెట్టి ఆ భాషలోనే మాట్లాడించి నాటకం వేస్తే పెద్ద గొడవైంది. ఇది చదివినప్పుడు నాకు మా గొడవే గుర్తొచ్చింది. మనవాళ్ళు పల్లె భాషలో రాసినప్పుడు దీన్ని సాహిత్యమంటారా అన్నవాళ్ళు ఎంతమంది! నేను మాత్రం తక్కువ తిన్నానా? నా క్లాసులో పిల్లలు ‘యాడికి’ అంటే ‘ఎక్కడికి’ అని దిద్దేదాన్ని. ఇప్పటికీ ఒక్కోసారి దిద్దుతా.

మన సినిమాల్లో ఇలాంటి పిల్లల తల్లికి నోరుండదు. 1990లో మణిరత్నం ‘అంజలి’ వచ్చింది, తెలుగులోనూ ఆడింది, మా గురుకులంలో టీవీలో వేస్తే అందరం ఏడ్చాం. అపార్టుమెంటు, ఇంజనీరు తండ్రి, కన్నీళ్ళు పెట్టుకునే తల్లి, దేవతలాంటి పాప. ఆ పాప ఎవరినీ కొరకదు. తల్లి జుట్టు పట్టి గోడకి కొట్టదు. ఏడుపు అయిపోయాక నేను డార్మిటరీకి పోయి, అంజలికీ మా చిన్నోడికీ ఏంటి సంబంధం అనుకున్నా. ఏమీ కనబడలా. అందుకని మా ఇంట్లో ఉన్నది జబ్బు కాదనీ, వేరే ఏదో అనీ అనుకున్నా. సినిమా తెలియకుండా ఇట్టాంటి పనులు చేస్తది.

2011లో వచ్చిన ‘వుయ్ నీడ్ టు టాక్ అబౌట్ కెవిన్’ కూడా చూశాను. లిన్ రామ్సే తీసింది. చాలామంది దాన్నే గొప్పదంటారు. కొడుకు బడిలో పిల్లల్ని చంపేస్తాడు, ఊరంతా తల్లి ఇంటి మీద ఎర్రరంగు కుమ్మరిస్తారు, ఆమె గోకి గోకి కడుక్కుంటది. ఆ కడుక్కోవడం నన్ను వదల్లా. తల్లిదే తప్పు అనడం అన్ని దేశాల్లోనూ ఉంది. 1967లో బెటెల్‌హైమ్ అనే పెద్దమనిషి పుస్తకమే రాశాడు, తల్లి మనసులో ప్రేమ లేకపోవడం వల్లే పిల్లలకి ఆటిజం వస్తదని. అది తప్పని తేలడానికి ముందు ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది తల్లులు ఎర్రరంగు కడుక్కున్నారో. అయితే ‘కెవిన్’లో ఇల్లు పెద్దది, డబ్బుంది. ఆ తల్లికి కొడుకుని చూసి భయపడటానికి తీరిక ఉంది. డయాన్‌కి ఆ తీరిక లేదు, పనికి పోవాలి. ‘మమ్మీ’ నాకు దగ్గరైంది అక్కడ.

మాది పల్నాడులో ఒక మాదిగపల్లె. మా చిన్నోడు 1995లో పుట్టాడు, నాకంటే ఆరేళ్ళు చిన్న. నాలుగేళ్ళ దాకా బాగానే ఉన్నాడంటది మా అమ్మ. అంటే నేనున్నన్నాళ్ళూ అని నా లెక్క. 1999లో నాకు గురుకులంలో సీటొచ్చింది, ఐదో తరగతికి. నేను పోయాను. ఆ తర్వాతే వాడు రాత్రుళ్ళు నిద్రపోకపోవడం, తల గోడకేసి కొట్టుకోవడం, ఎదురొచ్చినోళ్ళని కొరకడం మొదలెట్టాడు. 2003లో మా నాయన పోయాడు. ఇంక మా అమ్మా వాడూ. మిరపకోతలకి పోయేటప్పుడు వాడ్ని వెంటబెట్టుకుపోయేది. చేలో వేపచెట్టుకి గేదెని కట్టే పలుపుతో నడుముకి కట్టేది. మధ్యమధ్యన పోయి నీళ్ళు తాపి, వాడు కొడితే కొట్టించుకుని, మళ్ళీ సాలులోకి వచ్చేది. మేస్త్రి ఆ నిమిషాలకి కూడా కూలి కోసేవాడు.

స్టీవ్ జబ్బుకి పేరుంది. ఏడీహెచ్‌డీ. ఇక్కడ డోలాన్ కొంచెం తేలిగ్గా పోయాడని నాకనిపించింది. ధ్యాస నిలవని పిల్లలు, కుదురులేని పిల్లలు నా క్లాసులోనే ఉన్నారు, డాక్టర్లు పరీక్షచేసి చెప్పినవాళ్ళే. వాళ్ళెవరూ తల్లి గొంతు పట్టుకోరు. స్టీవ్ చేసేదంతా ఆ ఒక్క పేరు కింద వేస్తే ఆ పేరున్న మిగతా పిల్లలకి అన్యాయం. అయినా ఒక పేరంటూ ఉంది కదా అని ఈర్ష్యపడ్డా. మా వాడికి బళ్ళో ఒకటే పేరు పెట్టారు, మా కులం పేరు. ఒకటో తరగతిలో వాడు పలక విసిరికొడితే సారు, ఆ పల్లె పిల్లలింతే, పెంపకం అట్టాంటిది అన్నాడంట. అదే బళ్ళో పెద్దింటి పిల్లాడొకడు సారు సైకిల్ని కాలవలో తోశాడు. వాడిది అల్లరి. మావాడిది బుద్ధి. అల్లరికి వయసొస్తే తగ్గుద్దని ఎదురుచూస్తారు. బుద్ధికి ఎదురుచూడరు, బయటికి పంపుతారు. మా చిన్నోడు మొత్తం కలిపి రెండున్నర నెలలు బడికి పోయాడు.

ఇక సినిమాలో నలుచదరం గురించి. బొమ్మ తెరనిండా ఉండదు. మధ్యలో చదరంగా, పాత ఫోటోలాగా ఉంటది, రెండుపక్కలా నలుపు. ఒక మొహం పడితే ఇంకో మొహానికి చోటు లేదు. ఇరుకింట్లో బతికినోళ్ళకి ఈ బొమ్మ కొత్తగా ఏం ఉండదు. ఒకచోట, ముగ్గురూ బాగున్న రోజుల్లో, స్టీవ్ స్కేటుబల్ల మీద రోడ్డున పోతా రెండు చేతులూ చాపి ఆ చదరాన్ని పక్కలకి నెట్టేస్తాడు. తెర మొత్తం విచ్చుకుంటది. నేను లేచి నిలబడ్డా. చాలామంది దీన్ని డైరెక్టరు చమత్కారం అన్నారు. చమత్కారమే కానీ, ఆ తెర ఎందుకు విచ్చుకుందో చూడాలి. తల్లికి పని దొరికింది, కొడుక్కి చదువు చెప్పే మనిషి దొరికింది, ముగ్గురూ కలిసి తింటున్నారు. అంతే. మళ్ళీ ఎప్పుడు ముడుచుకుంటది? ఇంటికొక కాగితం వచ్చినప్పుడు. కాలిన పిల్లాడి తల్లిదండ్రులు నష్టపరిహారం కోసం వేసిన దావా కాగితం. డయాన్ చదువుతుంటే రెండుపక్కల నుంచీ నలుపు దగ్గరకొస్తది.

మా అమ్మకి కాగితం రాలా, కబురొచ్చింది. 2006లో మా చిన్నోడు ఒక మోతుబరి గడ్డివామికి నిప్పు పెట్టాడు. వాడికప్పుడు పదకొండేళ్ళు. అగ్గిపెట్టె ఎట్టా దొరికిందో తెలవదు. మా అమ్మని రచ్చబండ కాడికి పిలిచారు. వాడ్ని కొట్టలేదు, వాడికి తెలివిలేదులే అని వదిలేశారు. ఆ మాట మా అమ్మ ఇప్పటికీ మంచిగానే చెప్తది. పన్నెండు వేలు తప్పు వేశారు. లేదంటే పనిచేసి తీర్చుకోమన్నారు. రెండు మిరప సీజన్లు మా అమ్మ ఆ చేలో ఊరికే కాయలు కోసింది. నేను ఇంటర్లో ఉన్నా. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు తెలిసింది. వాళ్ళకి దావా వేస్తే జవాబు చెప్పుకునే కోర్టొకటుంది. డయాన్ ఒక లాయరుతో షికారుకి కూడా పోతది, వాడు సాయం చేస్తాడని. ఆ సీను చూసి కొంతమంది ముఖం చిట్లించారని విన్నా. ఆడది ఒక్కతే ఉండి దావా ఎదుర్కోవాలంటే ఏం చేస్తదో వాళ్ళకి తెలవదు. రచ్చబండ కాడ నిలబడ్డ ఆడమనిషిని ఎట్టా చూస్తారో మా అమ్మకి తెలుసు. దాని గురించి మా అమ్మ నాకు చెప్పలా, నేనడగలా.

ఇప్పుడు కైలా దగ్గరకి వస్తా.

పాఠం చెప్పే మొదటిరోజే స్టీవ్ ఆమె నత్తిని వెక్కిరిస్తాడు, ఆమె మెళ్ళో గొలుసు లాక్కుంటాడు. ఆమె అప్పటిదాకా ఒక్క మాట పూర్తిగా పలకలేని మనిషి. ఒక్కసారిగా వాడ్ని కిందపడేసి మీద కూర్చుని, నత్తి లేకుండా, మొహంలో మొహం పెట్టి మాట్లాడుద్ది. వాడు భయంతో తడుపుకుంటాడు. టీచర్లందరికీ లోపల ఒక మృగం ఉంటదని నాకు తెలుసు. పిల్లల మీద చెయ్యి ఎత్తకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పినా, ఆ చెయ్యి ఎక్కడికీ పోదు, జేబులో ఉంటది. డోలాన్ దాన్ని దాచలా. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ స్నేహం కుదరడాన్ని కూడా నేను నమ్మాను.

కానీ ఇంకొకటుంది. కైలా తన ఇంట్లో ఉంటే నోరు పెగలదు. భర్తా కూతురూ ఉన్న శుభ్రమైన ఇల్లు. డయాన్ ఇంటికొస్తే నత్తి తగ్గుద్ది. నవ్వుద్ది. వంటింట్లో సెలీన్ డియోన్ పాటకి ముగ్గురూ కలిసి ఎగురుతారు. ఆమె ఇంట్లో ఒక చిన్నపిల్లాడి ఫోటో కనిపిస్తది, ఆ పిల్లాడు ఇప్పుడు లేడని మనకి అర్థమవుద్ది, సినిమా నోరు తెరిచి చెప్పదు. అంటే ఆమె సాయం చేయడానికి మాత్రమే రోడ్డు దాటలా. ఆమెకి ఆ ఇల్లు అవసరం. ఆ కష్టం తనది కాదు గనక అక్కడ ఆమెకి ఊపిరాడింది. ఈ మాట రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది.

నేను డి.ఎడ్. చదివేటప్పుడు ప్రత్యేక అవసరాలున్న పిల్లల మీద కేస్ స్టడీ రాయమన్నారు. మా చిన్నోడి మీదే రాశా. పేరు మార్చి. ఇరవైకి పద్దెనిమిది వేశారు. మేడమ్ క్లాసులో చదివి వినిపించింది, ఎంత సున్నితంగా గమనించావమ్మా అంది. ఆ రికార్డు కోసం సెలవుల్లో ఇంటికిపోయి నాలుగు రోజులు వాడి పక్కన కూర్చుని నోట్సు రాసుకున్నా. వాడు పుట్టినాక వాడి పక్కన అన్ని గంటలు కూర్చోవడం నాకదే మొదటిసారి. ఇప్పుడీ వ్యాసం కూడా అదే లెక్కలోకి వస్తదేమో.

2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. వాడికి పదిహేడేళ్ళు. అప్పటికి వాడు మా అమ్మ చెయ్యి ఒకసారి విరగ్గొట్టాడు. నేను పట్నంలో ఒక పెద్ద గవర్నమెంటు ఆసుపత్రిలో వాకబు చేసి, ఒకరిద్దర్ని బతిమాలి, మంచం దొరికేట్టు చూశా. వాడికి సినిమాకి పోదాం అని చెప్పా. వాడికి సినిమా అంటే ప్రాణం. కొత్తచొక్కా కొన్నా. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారిపొడుగునా నవ్వుతానే ఉన్నాడు. మధ్యలో దిగి పుచ్చకాయ తిన్నాం.

‘మమ్మీ’లో అచ్చంగా ఈ ప్రయాణం ఉంది. స్టీవ్ సూపర్‌మార్కెట్లో మణికట్టు కోసుకున్న తర్వాత తల్లి వాళ్ళని కారులో షికారుకి తీసుకుపోద్ది. నీళ్ళ ఒడ్డున ఆడుకుంటారు. డయాన్‌కి కొడుకు పెద్దవాడై, చదువుకుని, పెళ్ళి చేసుకున్నట్టు కలలాంటి ఊహ వస్తది. ఆ ఊహలో తెర మళ్ళీ విచ్చుకుంటది. తర్వాత కారు ఆసుపత్రి ముందు ఆగుద్ది. మనుషులొస్తారు. స్టీవ్‌కి అర్థమై పరిగెత్తుతాడు. వాళ్ళు కొడతారు, కరెంటు షాకు తగిలించే తుపాకీతో పడేస్తారు. డయాన్ వద్దు, మనసు మార్చుకున్నా అని అరుస్తది. అప్పటికే సంతకం అయిపోయింది. కారులో కైలా కూడా ఉంది, చూస్తా ఉంది. నేనక్కడ ఆపేశా. ఆ రాత్రికి ఇంక చూడలా. పుచ్చకాయ గుర్తొచ్చింది.

సినిమా మొదట్లోనే ఒక చట్టం గురించి రాసిన అక్షరాలు పడతాయి. ఇది ఊహలోని కెనడా అనీ, అక్కడ ఎస్-14 అనే చట్టం వచ్చిందనీ. కష్టంలో ఉన్న తల్లిదండ్రులు కోర్టు లేకుండానే పిల్లాడ్ని ఆసుపత్రికి అప్పగించొచ్చు. డోలాన్ దీన్ని కల్పించాడు. కానీ క్విబెక్‌లో కల్పించాల్సిన పనేముంది? 1940లు, 50ల్లో డ్యుప్లెసీ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు వేలమంది అనాథ పిల్లల్ని, ఎక్కువమంది పెళ్ళికాని తల్లుల పిల్లల్ని, పిచ్చివాళ్ళని రాసేసి పిచ్చాసుపత్రుల్లో వేశారు. అనాథాశ్రమానికి కంటే ఆసుపత్రికి కేంద్రం నుంచి ఎక్కువ డబ్బొచ్చేది గనక. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 1999లో, పరిహారం ఇస్తామంది 2001లో. ఇంత చరిత్ర కాళ్ళ కింద ఉండి, లేని చట్టాన్ని ఊహించుకోవాల్సి వచ్చిందా అని నాకనిపించింది. ఊహాచట్టం వల్ల ఏమైందంటే, ఇది డయాన్ మనసులో జరిగే యుద్ధంగానే మిగిలింది. ప్రేమ గెలుస్తదా, భయం గెలుస్తదా అన్నట్టుగా. మందుల ఖర్చెంత, పక్కన సాయం ఎవరు, ఆసుపత్రిలో లోపల ఏం జరుగుద్ది, ఇవి నలుచదరం బయట ఉండిపోయాయి.

మన దగ్గర 1912 నాటి పిచ్చివాళ్ళ చట్టం పోయి 1987 చట్టం వచ్చింది, అది పోయి 2017 చట్టం వచ్చింది. 2001 ఆగస్టులో తమిళనాడు ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న మనుషులు 28 మంది మంటల్లో చనిపోయాక దేశం కాసేపు ఉలిక్కిపడింది. 2017 చట్టం ఏ రకంగానూ గొలుసు వెయ్యకూడదంది. మంచిదే. మా అమ్మ పలుపు దాని కిందకి వస్తదా? వస్తే, మిరపకోత రోజున వాడ్ని ఎవరు పట్టుకుంటారో కూడా ఆ చట్టంలో రాయాలి కదా.

ఆసుపత్రిలో కాగితాలిచ్చారు. వాడు మైనరు. తల్లి సంతకం కావాలన్నారు. మా అమ్మకి సంతకం రాదు. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో నేను చూపించా. ఏం రాసుందే పాపా అనడిగింది. నాలుగు రోజులు పరీక్షలకి ఉంచుకుంటారు అన్నా. నాలుగు రోజులు కాదని నాకు తెలుసు. నేను చదివాను. మా ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే, నన్ను చదివించింది ఆమె. డయాన్ తనకు తెలిసి సంతకం పెట్టింది, తర్వాత అరిచింది. మా అమ్మకి అరవడానికి కూడా లేకుండా చేశాను. వాడ్ని లోపలికి తీసుకుపోతుంటే, సినిమా లోపలేనా అక్కా అన్నాడు.

ముప్ఫై ఎనిమిది రోజులకి మా అమ్మ ఒక్కతే బస్సెక్కి పోయి వాడ్ని తెచ్చేసుకుంది. నాకు చెప్పలా. అక్కడేం గొడవపడిందో, ఎవరి కాళ్ళు పట్టుకుందో తెలవదు. వాడికి గుండు కొట్టి ఉంది, ఒంటినిండా గజ్జి, మాటకి మాట మధ్య లాల కారుతుంది. నన్ను ఒక్క మాట అనలా. అనుంటే బాగుండేది. పలుపు మాత్రం ఆ తర్వాత కట్టలా. వాడ్ని కనిపెట్టుకుని ఉండటానికి పొలం పనులు మానేసి ఇంటి దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని పెట్టుకుంది. దానికి కూలి తక్కువ.

సినిమా చివర కైలా వచ్చి, కుటుంబమంతా టొరంటోకి మారిపోతున్నాం అని చెప్తది. చెప్పడానికి ఎంత నలిగిపోద్దో. డయాన్ మాత్రం సంతోషం అంటది. నవ్వుతా మాట్లాడుద్ది. కొడుకుని అక్కడ పెట్టింది ఆశ వదులుకుని కాదు, ఆశ ఉండబట్టే అంటది. కైలా ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోద్ది. తలుపు పడ్డాక డయాన్ ముక్కలైపోద్ది. కెమెరా చూసింది గనక మనకి తెలిసింది. కైలాకి తెలవదు. డోలాన్ చేసిన గొప్ప పని ఇదే అంటాను. తెర చాపడం కంటే, పాటల కంటే. స్టీవ్ చేతులు కట్టేసిన చొక్కాలో ఉండి తల్లికి ఫోనులో క్షమాపణ చెప్పడం, కట్లు విప్పగానే కిటికీ వైపు పరిగెత్తడం ఉన్నాయి. అందరూ ఆ కిటికీ గురించే మాట్లాడతారు. నేను తలుపు దగ్గరే ఉండిపోయా.

బదిలీల కౌన్సెలింగులో మా మండలంలోనే ఖాళీ ఉంది. నేను దూరం పెట్టుకున్నా. మా పిల్లల చదువులని చెప్పుకున్నా, మా ఆయన ఉద్యోగమని చెప్పుకున్నా. అన్నీ నిజాలే. పో పాపా, వాడ్ని నేను చూసుకుంటాగా అంది మా అమ్మ. నవ్వుతానే అంది. నేను బస్సెక్కా. నేను బస్సెక్కిన తర్వాత మా అమ్మ ఏం చేసిందో చూసినవాళ్ళు ఎవరూ లేరు, వాడు తప్ప. వాడు చెప్పలేడు.

మొన్న దసరా సెలవులకి పోయినప్పుడు మా అమ్మకి ఈ సినిమా కథ చెప్పా. వసారాలో మిరపకాయల గుట్ట ముందు కూర్చుని తొడిమలు తీస్తుంది, నేనూ తీస్తన్నా. కళ్ళు మండుతున్నాయి. చిన్నోడు స్తంభానికి ఆనుకుని సెల్లులో పాటలు వింటున్నాడు. వాడికిప్పుడు ముప్ఫై. మాత్రలేసుకుంటే నిమ్మళంగానే ఉంటాడు. మూడు చీటీల మీద ముగ్గురు డాక్టర్లు మూడు పేర్లు రాశారు.

మా అమ్మ మొత్తం విని, కాలిన పిల్లోడేమయ్యాడు అనడిగింది.

చూపించలేదమ్మా అన్నా.

వాళ్ళమ్మనన్నా చూపించారా?

లేదన్నా. రెండు గంటలు దాటిన సినిమాలో ఆ తల్లికి ఒక్క సీను లేదు. దావా కాగితం మీద పేరు మాత్రమే. విమర్శ రాయాలని కూర్చున్నదాన్ని నాకు తట్టలా ఇది. గడ్డివామి తగలబడిన రోజు ఆ వామి పక్కన పాకలో పాలేరు పిల్లలు పడుకోనున్నారంట, ఎవరో చూసి లాగారంట. మా అమ్మ ఇప్పుడు చెప్పింది.

కాసేపాగి, ఆ టీచరమ్మ మళ్ళీ వచ్చిందా అంది.

సినిమా అయిపోయిందమ్మా అన్నా.

ఊ, అని మా అమ్మ చేట దులిపి, పొద్దుగూకతంది, ఐదింటి బస్సు పోతే మళ్ళీ ఏడింటి దాకా లేదు, కాయలు నేను తీసుకుంటాలే, ముందు చేతులు కడుక్కో, కళ్ళు తుడుచుకోమాక అంది.